చలిమంట దగ్గర ధైర్యం

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: మన క్రైస్తవ విశ్వాసం గిట్టనివాళ్ల మధ్య ఎలా నిలబడాలి, ఎంతవరకు ఓర్చుకోవాలి, ఎక్కడ నోరు విప్పాలి. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు, వేయడం లేదు. పొడుగు ఉత్తరాల్ని కుదించాను. జవాబుల్ని మాత్రం కుదించలేకపోయాను, ఒకటి రెండు తప్ప.

ప్రశ్న: అన్నయ్యగారికి వందనాలు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. మా టీమ్‌లో ఇద్దరు ముగ్గురు నా భక్తి మీద రోజూ ఏదో ఒక జోక్ వేస్తారు. పోయిన నెల ఒకతను అందరి ముందూ "నిజంగా నమ్ముతావా అదంతా?" అని అడిగితే "మా ఇంట్లోవాళ్లు వెళ్తారు, నాకంత పట్టింపు లేదు" అనేశాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ప్రార్థనకి కూర్చుంటే నోరు పెగలడం లేదు. పేతురులా నేనూ ప్రభువును ఎరగనన్నట్టే కదా?

జవాబు: అన్నట్టే తమ్ముడూ. పర్లేదులే అని నేనంటే నువ్వు నమ్మవు కూడా. కానీ పేతురు పేరు నువ్వే ఎత్తావు కాబట్టి ఆయన కథ సగంలో వదిలేయకుండా చివరిదాకా చూద్దాం.

యేసుని పట్టుకోవడానికి ఆ రాత్రి తోటలోకి దీపాలూ ఆయుధాలూ పట్టుకుని గుంపు వస్తే కత్తి దూసి మీదికి ఉరికింది ఆయన శిష్యుడు పేతురే. ప్రధానయాజకుడి దాసుడు మల్కు చెవి తెగనరికాడు. అంతమంది మీదికి అలా వెళ్లడమంటే చావుకి సిద్ధపడ్డట్టే, అంచేత ఆయన్ని పిరికివాడు అనడానికి లేదు. తెల్లారకముందే అదే మనిషి ప్రధానయాజకుడి ముంగిట్లో చలిమంట దగ్గర చేతులు కాచుకుంటూ, ఒక పనిపిల్ల "నువ్వూ వాళ్లలో ఒకడివే కదా" అంటే "నేను కాను" అన్నాడు. ఆ పిల్ల చేతిలో కత్తి లేదు, బహుశా ఆమెకి అంత పట్టింపు కూడా లేదేమో, ఊరికే అడిగి ఉంటుంది. గుంపుకి ఎదురు నిలబడ్డవాడు ఆ చిన్న ప్రశ్న దగ్గర పడిపోయాడు.

నేనీ భాగం ఎప్పుడు చదివినా ఒకటే అనిపిస్తుంది, ఇవి రెండు వేరు వేరు ధైర్యాలు. కత్తి ధైర్యం ఒంట్లో వేడి ఉన్నంతసేపు ఉంటుంది. చలిమంట దగ్గర కావలసింది వేరే, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారని తెలిసి కూడా మామూలు గొంతుతో "అవును" అనగలగడం. మనలో చాలామందికి బతుకంతా అవసరపడేది ఈ రెండోదే, ప్రార్థనల్లో మాత్రం ఎప్పుడూ మొదటిదాన్నే అడుగుతూ ఉంటాం.

ఇక మిగతా సగం. బొగ్గుల నిప్పులకి గ్రీకు మూలంలో వాడిన మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల వస్తుంది, రెండూ యోహాను సువార్తలోనే. ఒకటి పేతురు కాదన్నచోట, రెండోది పునరుత్థానం తరువాత సముద్రం ఒడ్డున ప్రభువు చేపలు కాల్చినచోట. ఆ వాసన తగలగానే పేతురుకి ఏం గుర్తొచ్చి ఉంటుందో నువ్వే ఊహించుకో. ప్రభువు ముందు తినమన్నాడు. తరువాత "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు, "ఆ రోజు ఎందుకలా అన్నావు" అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నీకు ప్రార్థనలో మాటలు రాకపోతే ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి లేచిపో, ప్రస్తుతానికి చాలు.

ఆఫీసులో ఏం చేయాలంటావా, అందర్నీ పిలిచి ప్రకటన చేయక్కర్లేదు. అడిగినతను ఒంటరిగా దొరికినప్పుడు "ఆ రోజు మొహమాటానికి అలా అన్నాను గానీ, నేను నమ్ముతాను" అను. అక్కడితో ఆపెయ్. అతను ఇంకా అడిగితే చెప్పు, అడక్కపోతే నీ పని చూసుకో. మన నిరీక్షణ గురించి అడిగినవాళ్లకి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. రాసింది ఎవరో చూశావు కదా, జవాబు చెప్పలేక చలిమంట దగ్గర్నుంచి లేచిపోయినవాడే.

ఇంకొకటి, ప్రతి జోకూ హింస కాదు. కొందరు అందర్నీ ఏడిపిస్తారు, అందులో నువ్వూ ఒకడివి. అదే విశ్వాసం కారణంగా నీకు పని ఇవ్వకపోవడం, ప్రమోషన్ ఆపడం దాకా వస్తే అప్పుడు అది జోక్ కాదు, తేదీలతో సహా రాసుకుని పైవాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ప్రశ్న: బ్రదర్, సోషల్ మీడియాలో ప్రభువును నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లకి నేను గట్టిగా రిప్లై ఇస్తాను. మా పాస్టర్ గారు వద్దంటున్నారు. ఇలా ఊరుకుంటూ పోతే అందరికీ అలుసైపోమా? మౌనంగా ఉండటం పిరికితనం కాదా?

జవాబు: నీ ఉత్తరంతో పాటు నువ్వు పెట్టిన కామెంట్లు కూడా కొన్ని పంపావు, మంచి పని చేశావు. అన్నీ చదివాను. పేర్లు తీసేస్తే వాటిలో ఏది నీదో ఏది అవతలివాడిదో నాకు తెలియలేదు. కోపం తెచ్చుకోకు, నిజం అదే.

మల్కు చెవి సంగతి పైన చెప్పాను కదా. కత్తి దెబ్బ గురించి నాలుగు సువార్తల్లోనూ ఉంది, ఆ చెవిని ప్రభువు ముట్టి బాగుచేశాడని లూకా ఒక్కడే రాశాడు. సిలువకి ముందు ఆయన చేసినట్టు సువార్తల్లో కనిపించే చివరి స్వస్థత అది, అదీ తనని పట్టుకోవడానికి వచ్చినవాడికి, తన శిష్యుడే చేసిన గాయానికి! నీ కామెంట్ల వల్ల తెగిన చెవులు ఎన్ని ఉన్నాయో, ఆ చెవులకి ఇక ఎవరు సువార్త చెప్పినా వినిపిస్తుందో లేదో ఒకసారి ఆలోచించు.

అలాగని ఎప్పుడూ నోరు మూసుకోమని నేననను, మీ పాస్టర్ గారు కూడా అలా అని ఉండరు. ఒక చెంప మీద కొడితే రెండోది తిప్పమన్న యేసే, విచారణలో బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు ఏమన్నాడు? నేను తప్పు మాట్లాడితే ఏది తప్పో చూపించు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని నిలదీశాడు. తిరిగి కొట్టలేదు, తల దించుకోనూ లేదు. ఫిలిప్పీలో పౌలునీ సీలనీ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి జైల్లో వేసి, తెల్లారాక గుట్టుచప్పుడు కాకుండా పొమ్మన్నారు. పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, అందరి ముందూ కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అని కూర్చున్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. అది పౌలు పంతమని నేననుకోను, ఆయన వెళ్లిపోయాక ఆ ఊళ్లో మిగిలే కొత్త సంఘానికి రేపు అదే గతి పట్టకుండా చేసిన పని అని నా ఉద్దేశం. యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడూ పౌరసత్వం గుర్తుచేశాడు, చివరికి రోమా చక్రవర్తి కైసరు దగ్గర చెప్పుకుంటానన్నాడు. చట్టాన్ని ఆశ్రయించడం అవిశ్వాసం కాదు. ఎవరైనా బెదిరిస్తే స్క్రీన్‌షాట్ తీసిపెట్టి, తేదీ రాసుకుని, సంఘంలో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఫిర్యాదు చెయ్యి. దానికి నీ కామెంట్లకంటే ఎక్కువ గుండె కావాలి.

నువ్వు ఫార్వర్డ్ చేసినవాటిలో ఒక దాడి వీడియో ఉంది. ఎక్కడిదో, ఎప్పటిదో అందులో లేదు. నిజమో కాదో తెలియనిదాన్ని పంపితే అబద్ధసాక్ష్యం కిందికే వస్తుంది, పైగా రేపు నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు చెప్పుకున్నా ఎవరూ నమ్మరు.

ప్రశ్న: అన్నయ్యా, నేను బాప్తిస్మం తీసుకుని మూడేళ్లు. ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. బైబిల్ దాచేస్తారు, ఆదివారం బయటికి వెళ్లనివ్వరు. వాళ్ల ఆరాధన జరిగేటప్పుడు నేనూ పక్కన నిలబడాలి, లేకపోతే పెద్ద గొడవ. సంఘంలో ఒక అక్క "రెండు పడవల మీద కాళ్లు పెట్టావు" అంది. రెండుసార్లు మా ఆయన చెయ్యి కూడా చేసుకున్నాడు. సిలువ మోయడమంటే ఇదేనా?

జవాబు: చివరి మాట ముందు చెప్తానమ్మా. చెయ్యి చేసుకోవడం నువ్వు మోయాల్సిన సిలువ కాదు, అది నేరం. ఓర్చుకుంటే అతనే మారతాడని ఎవరైనా నీకు చెబితే, వాళ్లు ఎంత పెద్ద ప్రార్థనాపరులైనా సరే, వినకు. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని శిష్యులతో చెప్పింది ప్రభువే. నజరేతులో ఆయన్ని కొండ మీంచి తోసేయబోతే మధ్యలోంచి దాటి వెళ్లిపోయాడు, దేవాలయంలో రాళ్లు ఎత్తితే కనబడకుండా బయటికి నడిచాడు. పౌలుని దమస్కు గోడ మీంచి గంపలో దించారు, రెండో కొరింథీ పత్రికలో ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పుకున్నాడు. కాబట్టి నీ సంగతి తెలిసిన మనుషులు ఇద్దరు బయట ఉండాలి, నీ కాగితాలు నీకు అందేచోట ఉండాలి, మళ్లీ చెయ్యి లేస్తే ఎవరింటికి వెళ్లాలో ఇప్పుడే అనుకుని ఉండాలి. పోలీసుల దగ్గరికి వెళ్లాల్సి వస్తే వెళ్లు. అలా వెళ్లినందుకు నీ సాక్ష్యం చెడిపోదు.

ఇక పక్కన నిలబడటం. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక ఇశ్రాయేలు దేవుణ్ణి తప్ప ఎవరినీ కొలవనన్నాడు. వెంటనే ప్రవక్త ఎలీషాతో ఒక ఇబ్బంది చెప్పుకున్నాడు. మా రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయనతో పాటు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్కదాన్ని యెహోవా క్షమించాలి అని. ఎలీషా ఆయన్ని నెమ్మదిగా వెళ్లి రమ్మన్నాడు. అది అనుమతా కాదా అని చదువుకున్నవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు కనిపించేది మాత్రం, తిట్టి పంపలేదు. మీ అక్క ఎలీషాకంటే ఒకడుగు ముందుకు వేసింది.

నయమాను ఇంకొకటి కూడా అడిగాడు, అది మనం గబగబా చదివేసి దాటిపోతాం. రెండు కంచర గాడిదలు మోసేంత మట్టి ఇమ్మన్నాడు, తన దేశంలో ఆ మట్టి మీద ఆరాధించుకోవడానికి. పరాయి నేల మీద తనకంటూ కాసింత చోటు. నీకూ అలాంటి పిడికెడు మట్టి కావాలి. బైబిల్ దాచేయగలరు గానీ నీకు కంఠస్థం వచ్చిన కీర్తనని దాచలేరు. 23, 121, తరువాత రోమా ఎనిమిదో అధ్యాయంలో చివరి వచనాలు, రోజుకో వాక్యం చొప్పున నేర్చుకో, పనిచేసుకుంటూ లోపల చెప్పుకో.

జపాన్‌లో 1614లో క్రైస్తవ విశ్వాసాన్ని నిషేధించారు. యేసు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉన్న పలకని కాలితో తొక్కించి ఎవరు విశ్వాసులో పరీక్షించేవాళ్లు. తొక్కనివాళ్లు చనిపోయారు. తొక్కినవాళ్లలో కొందరు ఇంటికి వచ్చి తలుపులు వేసుకుని పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకునేవాళ్లు. గురువులు లేరు, గుళ్లు లేవు, బాప్తిస్మం ఇవ్వడం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇళ్లల్లోనే నేర్పుకున్నారు. 1865 మార్చిలో నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన చర్చికి ఉరకామి అనే పల్లె నుంచి కొందరు వచ్చి, అక్కడున్న ఫ్రెంచి గురువు దగ్గర మెల్లగా, మా మనసూ మీ మనసూ ఒకటే అని చెప్పారు. రెండు వందల ఏళ్లకి పైగా దాగినవాళ్లు! అప్పటికీ నిషేధం ఎత్తేయలేదు, బయటపడినందుకు ఆ పల్లెవాళ్లలో వేలమందిని దూరప్రాంతాలకి తరలించారు, 1873లో గానీ నిషేధం తొలగలేదు. దాక్కున్నవాళ్ల విశ్వాసం తక్కువదని ఎవరైనా అంటే నాకు వీళ్లే గుర్తొస్తారు. నువ్వు ఎప్పుడు బయటపడాలో నిర్ణయించాల్సింది నువ్వు, మీ అక్క కాదు.

ప్రశ్న: విశ్వాసం గట్టిగా ఉంటే దేవుడు శత్రువుల నోళ్లు మూయిస్తాడంటారు. మాకు ఇబ్బందులు ఆగడం లేదంటే మా విశ్వాసంలో లోపం ఉన్నట్టా?

జవాబు: హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీయండి. 34వ వచనంలో విశ్వాసంవల్ల కత్తి నుంచి తప్పించుకున్నవాళ్లున్నారు. 37వ వచనంలో అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్లున్నారు. ఒకే జాబితా. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చూసినా అంతే, హేరోదు యాకోబుని కత్తితో చంపించాడు, పేతురుని దూత జైల్లోంచి బయటికి తెచ్చాడు. యాకోబు విశ్వాసం తక్కువైందని ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు, మీకు మాత్రం ఎవరో చెప్పేశారు.

ప్రశ్న: అయ్యగారూ, నేను చిన్న సంఘానికి కాపరిని. బెదిరింపులు వచ్చాక సగం మంది రావడం మానేశారు. ఇద్దరు ముగ్గురు తమకి మాతో సంబంధం లేదని రాసి కూడా ఇచ్చారు. ఇప్పుడు పరిస్థితి కాస్త సర్దుకుంది, వాళ్లు తిరిగి వస్తామంటున్నారు. నిలబడ్డవాళ్లు ఒప్పుకోవడం లేదు, "మేం తిట్లు తిన్నప్పుడు వీళ్లెక్కడ ఉన్నారు" అంటున్నారు. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: మీకొచ్చిన చిక్కు చాలా పాతది అయ్యగారూ, వింటే కాస్త ఊరట కలుగుతుందేమో. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకి బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల సంతకంతో ఒక పత్రం తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. అలాంటి పత్రాలు ఈజిప్టులో నలభైకి పైగా దొరికాయి, పేరు, వయసు, ఒంటి మీద గుర్తులతో సహా, మన ఆఫీసు సర్టిఫికెట్లలాగే ఉంటాయి. కొందరు ఒప్పుకోక జైలుకి పోయారు. చాలామంది బలి అర్పించారు. ఇంకొందరు లంచమిచ్చి, బలి అర్పించకుండానే పత్రం కొనుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి ఉధృతి తగ్గింది, పడిపోయినవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్ సిప్రియన్ మీద పడింది ఆ భారం. ఆయన స్వయంగా దాక్కుని ఉత్తరాల ద్వారా సంఘాన్ని నడిపాడు, పారిపోయావని మాటలు కూడా పడ్డాడు. రోమ్‌లో నొవేషియన్ అనే ఆయన, ఒకసారి పడినవాళ్లని సంఘం ఎప్పటికీ చేర్చుకోకూడదని పట్టుబట్టి విడిపోయాడు. ఇంకోపక్క, జైలుకి వెళ్లొచ్చినవాళ్లు కొందరు ఎవరు అడిగితే వాళ్లకి సిఫారసు చీటీలు ఇచ్చేశారు, పశ్చాత్తాపం ఉందో లేదో చూడకుండా. సిప్రియన్ ఈ రెండూ కాదన్నాడు. 251లో బిషప్‌లు కూర్చుని, పత్రం కొన్నవాళ్లని ఒకలా, బలి అర్పించినవాళ్లని ఒకలా, ఎవరి సంగతి వాళ్లది విచారించి, సమయమిచ్చి, తిరిగి చేర్చుకునే దారి వేశారు. పారిపోయాడని మాట పడ్డ సిప్రియన్‌కి 258 సెప్టెంబర్ 14న తల నరికారు. ఈసారి ఆయన ఎక్కడికీ వెళ్లలేదు.

నిలబడ్డవాళ్ల బాధ చిన్నది కాదు, దాన్ని "క్షమించాలి కదా" అని ఒక్క ముక్కలో కొట్టేయకండి. ముందు వాళ్లని విడిగా కూర్చోబెట్టి అప్పుడు ఏం జరిగిందో మొత్తం చెప్పనివ్వండి, మీరు మాట్లాడకండి. రాసిచ్చినవాళ్లతో కూడా విడిగా మాట్లాడండి, ఎవరి మీద ఎంత ఒత్తిడి పడిందో మనకి తెలియదు, పిల్లల పేరు చెప్పి బెదిరించి ఉండొచ్చు. వాళ్లు వచ్చి వెనక కూర్చుంటే కూర్చోనివ్వండి. బాధ్యతలు మాత్రం వెంటనే ఇవ్వకండి. పేతురుని ముందు వరసలోకి తెచ్చింది కూడా ఆ సముద్రం ఒడ్డు సంభాషణ అయ్యాకే. ఇక మీ జాగ్రత్త మీరు చూసుకోండి: ఒంటరిగా తిరగకండి, వచ్చిన ప్రతి బెదిరింపూ తేదీతో పుస్తకంలో రాయించండి, మీ అనుమతి కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకోండి. నెహెమ్యా గోడ కట్టేటప్పుడు ప్రార్థన చేసి కాపలా కూడా పెట్టాడు, రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. స్కూల్లో పిల్లలు ఏదో పేరు పెట్టి ఏడిపిస్తున్నారట. ధైర్యంగా సాక్ష్యం చెప్పమని వాడికి నేర్పుతున్నాను. సరైనదేనా?

జవాబు: సాక్ష్యం సంగతి తరువాతమ్మా, ముందు మీరు టీచర్‌ని కలవండి. పెద్దవాళ్లు చేయాల్సిన పని పిల్లాడి నెత్తిన పెట్టకూడదు. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి, దానియేలు కథ వెంటనే చెప్పేయకండి. అన్నట్టు, సింహాల గుహలో పడేనాటికి దానియేలు ముసలివాడు.

ప్రశ్న: రాత్రిళ్లు ఒకటే ఆలోచన, టెన్షన్. నిజంగా ఎవరైనా మెడ మీద కత్తి పెట్టి విశ్వాసం వదిలెయ్ అంటే నేను నిలబడగలనా? నిలబడలేననే అనిపిస్తుంది.

జవాబు: ఆ రాత్రికి కావలసిన బలం ఈ రాత్రి ఇస్తానని ప్రభువు ఎక్కడా మాటివ్వలేదు. మిమ్మల్ని అప్పగించినప్పుడు ఏం చెప్పాలా అని చింతపడొద్దు, ఆ గడియలోనే అది మీకు ఇవ్వబడుతుంది అన్నాడు. మీకు లేనిది ప్రస్తుతానికి మీకు అక్కర్లేనిదే.

రెండో శతాబ్దం మధ్యలో ఇప్పటి టర్కీలోని స్ముర్న బిషప్ పోలికార్పు కథ మీరు వినే ఉంటారు, 86 ఏళ్లుగా క్రీస్తుని సేవిస్తున్నాను, నాకు ఏ అన్యాయమూ చేయలేదు, నా రాజుని ఎలా దూషిస్తాను అన్నాయన. మనవాళ్లు ఆ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. అదే వృత్తాంతంలో అంతకు ముందు క్వింటస్ అనే మనిషి ఉన్నాడు. తనంతట తానే వెళ్లి అధికారులకి లొంగిపోయాడు, ఇంకొందరిని కూడా ఎగదోసి తీసుకెళ్లాడు. తీరా క్రూరమృగాల్ని చూసేసరికి గుండె జారిపోయి బలి అర్పించేశాడు. అందుకే తమంతట తాము వెళ్లి దొరికిపోయేవాళ్లని మేం మెచ్చుకోం అని ఆ సంఘంవాళ్లే రాశారు. పోలికార్పు అలా కాదు, మిత్రులు బతిమాలితే ఊరి బయట పొలంలో ఇంటికి వెళ్లాడు, వెతుక్కుంటూ వస్తున్నారంటే ఇంకో ఇంటికి మారాడు. చివరికి దొరికినప్పుడు వచ్చిన భటులకి భోజనం పెట్టించి, ప్రార్థనకి ఒక గంట ఇవ్వమని అడిగాడు. రెండు గంటలు ప్రార్థించాడట. నిలబడగలనని ఢంకా కొట్టినవాడు పడిపోయాడు, తప్పించుకు తిరిగిన ముసలాయన నిలబడ్డాడు. నిలబడలేనేమో అని భయపడే మీ గురించి నాకు అంత దిగులు లేదు. పడుకునే ముందు ఫోన్‌లో దాడుల వీడియోలు చూస్తుంటే అది మానండి, నిద్ర దానంతటదే వస్తుంది.

ప్రశ్న: శత్రువుల కోసం ప్రార్థించమన్నారు. మా నాన్నని కొట్టినవాళ్ల పేర్లు నాకు తెలుసు. వాళ్ల కోసం ప్రార్థిద్దామని కూర్చుంటే పళ్లు కొరుక్కోవడమే అవుతోంది. ఇది కూడా పాపమేనా అన్నయ్యా?

జవాబు: పళ్లు కొరుక్కుంటూనే కూర్చోమ్మా. 109వ కీర్తన చదివావా? దావీదు తన శత్రువు పిల్లలు బిచ్చమెత్తుకోవాలని కూడా అన్నాడు. ఆ మాటలు బైబిల్లో ఎందుకున్నాయని నేను చాలాకాలం ఇబ్బందిపడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ కోపాన్ని శత్రువు ఇంటి మీదికి తీసుకెళ్లకుండా దేవుడి ముందు పోసేశాడు కదా అని. నువ్వూ అక్కడే పోసెయ్.

హాలెండ్‌లో కోరీ టెన్ బూమ్ కుటుంబం యూదుల్ని నాజీలకి దొరక్కుండా ఇంట్లో దాచిపెట్టి 1944లో పట్టుబడింది. తండ్రి జైల్లో పోయాడు, అక్క బెట్సీ రావెన్స్‌బ్రూక్ శిబిరంలో పోయింది. 1947లో మ్యూనిక్‌లో ఆమె క్షమాపణ గురించి మాట్లాడాక ఒకతను వచ్చి చెయ్యి చాచాడు. ఆ శిబిరంలో కాపలా కాసినవాడు. ఆమె చెయ్యి లేవలేదు. అప్పటిదాకా క్షమాపణ మీద ప్రసంగించిన మనిషికి! లోపల ప్రేమ ఏమాత్రం లేదు, చెయ్యి ఎత్తడం వరకు నేను చేయగలను, మిగతాది నువ్వివ్వు అని లోపలే ప్రార్థించి మరలా చెయ్యి చాచిందట, మిగతాది తరువాత వచ్చింది. నీకు ఇవాళ చేతనైనది వాళ్ల పేర్లు ఉచ్చరించడమే అయితే అంతవరకే చెయ్యి. "మేలు చెయ్యి" అనే మాట నోట రాకపోతే పేరు చెప్పి ఆమెన్ అనేసెయ్. కేసు పెట్టి ఉంటే అది వెనక్కి తీసుకోమని నేను చెప్పడం లేదు, క్షమించడానికీ విచారణ జరగడానికీ పోటీ లేదు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

ప్రశ్న: అందరికీ ధైర్యం చెప్తారు. మీకెప్పుడూ భయం వేయలేదా?

జవాబు: చాలా ఏళ్ల కిందట, రైల్లో వెళ్తున్నాను. అప్పుడు పరిస్థితులు బాగోలేవు, బ్యాగులో బైబిల్ కనిపిస్తే గొడవలవుతున్నాయని విని ఉన్నాను. నేను అలవాటుకొద్దీ తీసి చదువుకుంటుంటే ఎదుటి సీటాయన "ఏం పుస్తకం అండీ అది" అన్నాడు. "ఆఫీసు పుస్తకం" అని మూసి బ్యాగులో పెట్టేశాను. ఆయన ఇంకేమీ అనలేదు. దిగేదాకా నేను ఆయన ముఖం చూడలేదు, ఇంటికెళ్లాక కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరైనా అడుగుతారేమో అని ప్రతి ప్రయాణంలో భయం, అడిగితే ఈసారి ఏం చెప్పాలో మనసులో పెద్ద ప్రసంగమే తయారుచేసి పెట్టుకున్నాను. నాలుగేళ్ల తరువాత, అదీ రైల్లోనే, ఒక పెద్దాయన అడిగాడు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. "బైబిల్ అండీ" అన్నాను. "అలాగా" అన్నాడాయన, దుప్పటి ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు.